మొదటి సెంటీమీటరు

రత్నకుమారి టేపుకు మొదటి సెంటీమీటరు లేదు. కరీంనగర్‌లో రోడ్డు కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా ఉన్నప్పుడు విరిగిపోయింది. అప్పట్నుంచి ఎంత కొలిచినా అందులోంచి ఒకటి తీసేసి చెప్పడం అలవాటైంది. కొత్తది కొనమని ఎవరు పోరినా వినలేదు. ముప్పై ఆరేళ్ల వయసులో స్టూడెంట్ పర్మిట్ మీద కెనడాలోని కిచెనర్ వస్తూ కూడా పచ్చళ్ల మధ్య దాన్నే కుక్కి తెచ్చుకుంది.

ఇక్కడా రోడ్డు పనే దొరికింది. అరిగిపోయిన తారు రోడ్డు పైపొరను మిల్లింగ్ మెషిన్ చెక్కుకుంటూ పోతుంటే, వెనకాలే నడుస్తూ లోతు ఐదు సెంటీమీటర్లు ఉందా లేదా చూడాలి. కొలిచేది రత్నకుమారి, రాసేది స్నేహ. ఇద్దరిదీ ఒకటే కాలేజీ, అద్దెకుండే బేస్‌మెంటూ ఒకటే.

ఈ వారం వచ్చిన కొత్త మెషిన్ మాత్రం మహా ఘటికురాలు. లోతు అదే చూసుకుంటుంది, అదే సరిచేసుకుంటుంది. ట్రయల్ గట్టెక్కిందంటే కొలిచేవాళ్లకు పని లేనట్టే. ఫోర్‌మన్ కోదండరామ్ గారు సోమవారమే ఆ కబురు చెప్పారు, మొహం పక్కకు తిప్పుకుని.

తెల్లవారుజామున నాలుగింటికి కాఫీ షాపులో పని, ఆ తర్వాత రోడ్డు. గురువారానికి రత్నకుమారి ఒళ్లు హూనమైపోయింది. టీ బ్రేక్ తర్వాత కొలిస్తే ఆరు వచ్చింది. ఇంకోచోట ఆరు. మూడోచోటా ఆరే. మెషిన్ తెర మీద మాత్రం ఐదు.

"ఆపండి సార్!" అని అరిచింది.

స్నేహ రాసిన కాగితం చూడగానే కోదండరామ్ గారి మొహం వెలిగిపోయింది. "నేను అప్పుడే అనుకున్నానమ్మా! ట్రయల్ ఫెయిల్ అని రిపోర్ట్ పంపిస్తా. లంచ్ అయ్యాక చెక్కే డ్రమ్‌ని ఒక సెంటీమీటర్ పైకి సెట్ చేసి కానిద్దాం."

తానూ ఒకసారి కొలుద్దామని ఆయనకు తోచలేదు. కావలసిన మాట చెవిన పడ్డాక ఎవరికి తోస్తుంది?

"అక్కా, బతికిపోయినం!" అంటూ స్నేహ మెడ వాటేసుకుంది.

రోడ్డు పక్కన కూర్చుని పెరుగన్నం తింటూ రత్నకుమారి టేపు జేబులో పెట్టుకోబోయింది. విరిగిన అంచు వేలికి గీసుకుంది. అప్పుడు తట్టింది. ఒకటి తీయలేదు. మూడుసార్లూ తీయలేదు.

పరుగున వెళ్లి మళ్లీ కొలిచింది. ఆరులో ఒకటి పోతే ఐదు. మెషిన్ తప్పేమీ లేదు.

నోరు మూసుకుంటే ఎవరికి తెలుస్తుంది? అవతల స్నేహ ఫోన్‌లో నవ్వుతోంది, ఎన్ని రోజులకో. కానీ డ్రమ్ పైకి లేపితే నాలుగే చెక్కుతుంది. పైన వేసే కొత్త తారు పల్చబడి, మొదటి చలికాలానికే పెచ్చులూడుతుంది. అలాంటి రోడ్లు తను బోలెడు చూసింది. తన మీద తనకే ఒళ్లు మండింది. దిక్కుమాలిన టేపు, పారేస్తే ఏం పోయేది!

"సార్, మెషిన్ కరెక్టే. ఒకటి తీసుడు నేనే మర్చిపోయిన."

కోదండరామ్ గారు స్నేహ రాసిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "రిపోర్ట్ ఇంకా పంపలేదులే," అన్నారు. తన టేపు తీసి ఆమె చేతిలో పెట్టారు. "ఇవాళంతా దీంతో కొలువమ్మా."

మెషిన్ మళ్లీ కదిలింది. రత్నకుమారి వెనకాలే నడిచింది. ఈ టేపులో తీసెయ్యడానికి ఏమీ లేదు.

"ఐదు," అంది. స్నేహ తలెత్తకుండా రాసుకుంది.

పది అడుగులు వేసి మళ్లీ వంగింది. "ఐదు."

సాయంత్రం దాకా ఒక్కసారి కూడా వేరే అంకె రాలేదు.