రాజు దూకిన గడి

నిరుడు సంత నుంచి వస్తూ జంబన్న వాళ్ళన్న తన వీధిని తానే గుర్తుపట్టలేక నిలబడిపోయాడు. ఆనాటి నుంచి జంబన్న తన బుర్రకు తానే కాపలా కాస్తున్నాడు. కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో తోచకపోతే చాలు, అన్న గుర్తొస్తాడు. రాయచూరులో పెద్దవాళ్ళ చదరంగం పోటీకి పేరిచ్చింది కప్పు కోసం కాదు. తెలివి ఇంకా తన చేతిలోనే ఉందో లేదో తేల్చుకోవడానికి.

ఆఖరి ఆట. ఎదుట శివరామకృష్ణయ్య, కాలువ నీళ్ళొచ్చాక గుంటూరు వైపు నుంచి బాళగనూరు చేరి వరి వేస్తున్న రైతు. జంబన్నది పైచేయి. ఒక్క బంటును ముందుకు తోస్తే ఆట చేతికొచ్చినట్టే. కానీ మూలనున్న రాజుకు ఊపిరాడనట్టు అనిపించింది. వేళ్ళు వాటంతటవే వెళ్ళి రాజును ఎత్తి, గుర్రంలా దూకించాయి. శివరామకృష్ణయ్య మీసం దువ్వుకుని తన ఎత్తు తాను వేసేశాడు.

తాను వేసిన ఎత్తును అప్పుడు చూశాడు జంబన్న. అన్నకూ ఇలాగే మొదలయిందా? నోరు మూసుకుంటే కప్పు తనదే. కానీ తన మతి సంగతి కప్పు చెప్పదు.

“అయ్యా, జర ఆగుండ్రి. నా రాజు గుర్రం లెక్క దుంకిండు.”

“రాజుకు షా తగలకముందు ఒక్కసారి దూకొచ్చుగదండీ!” అని, అంతలోనే నుదురు కొట్టుకున్నాడాయన. “నా బుర్ర తగలెయ్య! అది మా ఊళ్ళో అరుగు మీద ఆట. ఇక్కడ చెల్లదుగా.”

“ఇద్దరు తాతలూ దొందూ దొందే!” చూసేవాళ్ళు నవ్వారు.

జంబన్నకు నవ్వు రాలేదు. చిన్నప్పుడు తాత నేర్పిన ఎత్తే కావచ్చు. ఇన్నేళ్ళూ అణగి ఉన్నది ఇవాళే ఎందుకు పైకొచ్చింది?

పోటీ పెద్ద మహదేవప్ప కాయలను వెనక్కి పెట్టించాడు. “ముట్టిన రాజునే కదపాలె, జంబన్నా.”

రాజుకు ఒక్క గడే ఖాళీ. అక్కడికి జరిపితే ఎదుటి గుర్రం షా అంటుంది, రాజు మళ్ళీ మూలకే చేరతాడు, తన ఏనుగు పోతుంది, అంచున ఉన్న ఎదుటి బంటు నడిచి మంత్రి అవుతుంది, చివరికి మూలలోనే ఆటకట్టు. మొత్తం కనిపించింది. జరిపాడు.

గుర్రం వచ్చింది. ఏనుగు పోయింది.

“ఇంకేముందండీ, చాలించండి,” అన్నాడు శివరామకృష్ణయ్య మొహమాటంగా.

“నేను చాలించ. మీరు ఆడుండ్రి.”

“ఓడిన ఆట ఎంతసేపు గుంజుతడు?” ఎవరో గొణిగారు.

శివరామకృష్ణయ్య చెయ్యి మధ్య బంటు పైన తచ్చాడింది. జంబన్న లోలోపల అనుకున్నాడు: అది కాదు, అది కాదు. చెయ్యి పక్కకు జరిగి అంచు బంటును పట్టింది. అది నడిచింది. మంత్రి అయింది. సరిగ్గా ఆ మూలలోనే రాజుకు దారులు మూసుకున్నాయి.

“ఆటకట్టండీ. ఇదేంటి, ఓడి నవ్వుతున్నారు?”

“మీరు గా బంటే నడుపుతరని నాకు ముందుగాల్నే తెలుసు.”

శివరామకృష్ణయ్య కప్పు అందుకుంటుంటే జంబన్న చప్పట్లు కొట్టాడు. రెండు చప్పట్లకే చేతులు ఆగిపోయాయి. ఒక్క ఆటే కదా. తన అంచనా గుడ్డిదెబ్బగా తగిలిందేమో.

కాయలను మళ్ళీ వాటి గళ్ళలో గబగబా సర్దసాగాడు.

“అయ్యా, జర కూసోండ్రి. ఇంకొక్కటి ఆడుదం.”