ఆవగింజంత నల్లమందు

మరిడమ్మ కూతురు గోడ పట్టుకుని నిలబడ్డ రోజున గంగారత్నం అన్నం ముట్టలేదు.

తోడికోడళ్ళిద్దరూ ఒకే నెలలో కన్నారు. పెద్దకోడలు గంగారత్నానికి కొడుకు, సత్తిబాబు. చిన్నకోడలు మరిడమ్మకి ఆడపిల్ల. ఏడాది నిండింది. ఆడపిల్ల కొల్లేటి గట్టున ఒళ్ళంతా బురద పూసుకుని పాకుతోంది, చేపల బుట్టలు బోర్లేస్తోంది. సత్తిబాబు ఉయ్యాల్లో వేస్తే వేసినట్టే ఉన్నాడు. కూర్చోబెడితే ఒరిగిపోతాడు.

"బంగారు తండ్రి, ఏడుపే ఎరగడు" అని మొదట్లో మురిసిన తల్లికి ఇప్పుడా మాట నోట రావడం లేదు.

అత్త పెద్దింటమ్మ ఊరుకుంటుందా? "ఆడపిల్ల అడుగులేత్తంది. వంశోద్ధారకుడు ఉయ్యాల దిగడు" అని దారిన పోయేవాళ్ళకి కూడా చెప్పింది.

మరిడమ్మ కన్ను పడిందని గంగారత్నం నమ్మకం. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. ఇల్లంతా మిరప ఘాటుతో కోరెత్తిపోయింది. కోరొస్తే దిష్టి లేనట్టే కదా. గంగారత్నం ఒప్పుకోలేదు.

అసలు సంగతి వేరు. తెల్లారితే ఆడవాళ్ళు చేపలు ఎండేయడానికి పోవాలి. పిల్లల్ని ఎవడు చూస్తాడు? ఆవగింజంత నల్లమందు పాలలో రంగరించి పోస్తే సాయంత్రందాకా నోరెత్తరు. తాడేపల్లిగూడెం కొట్లో దొరల సర్కారు లైసెన్సుతోనే అమ్ముతారు. తల్లిని తిట్టేవాళ్ళు ముందు ఆ కొట్టు చూసి రావాలి.

మరిడమ్మా పోసేది. వేసవిలో ఏలూరు నుంచి నర్సు హన్నమ్మ వచ్చి, "ఆ మందు మానండి. ముల్లు తీసిన చేప మెత్తటన్నంలో పిసికి పెట్టండి. నేలమీద వదలండి, పాకనివ్వండి" అంటే మానేసింది. పిల్లని నడుముకి కట్టుకుని పనికి పోయింది.

"కోతి పిల్లని మోసినట్టు ఆ మోతేవిటే" అని గంగారత్నం నవ్వింది.

ఒకనాడు మరిడమ్మ మండవల్లి పోతూ, "అక్కా, కాస్త చూడవా" అని పిల్లని వదిలింది. పిల్ల ఉయ్యాల దగ్గరికి పాకి, తాడు పట్టుకు లేచి, సత్తిబాబుని చూసి కిలకిల నవ్వింది.

నా కొడుకుని చూసి నవ్వుతుందా. గంగారత్నానికి కడుపు మండిపోయింది. కొడుక్కి రంగరించిన గిన్నెలో అడుగున మిగిలింది ఆ పిల్ల నోట్లో పోసింది.

"నువ్వూ పడుకో."

పడుకుంది. తల వాలింది, చేతులు జారాయి. కళ్ళు సగమే మూతపడ్డాయి. గంగారత్నానికి కాసేపు హాయిగానే ఉంది. ఇద్దర్నీ పక్కపక్కన వేసి చూసింది. రెండు ముఖాలూ ఒకటే. ఆ సగం కళ్ళు, ఆ వేలాడే పెదవి కొడుక్కి పుట్టుకతో వచ్చాయనుకుంది ఇన్నాళ్ళూ.

పిల్ల ముఖాన నీళ్ళు కొట్టింది. అరికాళ్ళు రుద్దింది. భుజాన వేసుకుని గట్టు వెంట పరుగెత్తింది. మరిడమ్మ ఎదురొచ్చేసరికీ పిల్ల తల నిలపలేదు.

"ఏవైందక్కా?"

"మందు పోశాను. నేనే."

పెద్దకోడలని కూడా చూడకుండా మరిడమ్మ చెంప పగలగొట్టింది. గంగారత్నం చెంప తడుముకోలేదు. "ముందు దాన్ని ఏడిపించవే" అంది.

పొద్దుగూకే వేళకి పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వింటుంటే గంగారత్నానికి మళ్ళీ అసూయే. తన ఉయ్యాల్లో చప్పుడు లేదు.

మర్నాడు ఇద్దరూ పిల్లల్నెత్తుకుని ఒకే రైల్లో ఏలూరు వెళ్ళారు. ఆడపిల్లకి భయం లేదంది హన్నమ్మ. సత్తిబాబుకి మాత్రం మందు ఒక్కసారిగా ఆపకూడదని, తనకి చూపిస్తూ కొంచెం కొంచెంగా మాన్పించమని చెప్పింది.

మందు తగ్గేకొద్దీ సత్తిబాబు ఏడుపు హెచ్చింది.

"ఆ గోలేవిటే, ఇంకో చుక్క పోసి పడుకోబెట్టు" అంది పెద్దింటమ్మ.

"ఏడవనీండి అత్తయ్యా" అంది గంగారత్నం, గట్టు మీద పాకుతున్న పిల్ల వంక చూస్తూ. "దానికన్నా గట్టిగానే ఏడుత్తున్నాడు."