తోబుట్టువు కాని రాయి

గాజుపలక మీద నూనె చుక్క వేసి, ప్రయోగశాలలో రాళ్లు అరగదీసే ఉగాకి ఒక రాతి ముక్కను మళ్లీ చూపుడువేలితో గుండ్రంగా తిప్పసాగాడు. నీళ్లు తగలకూడదు. ఆకాశం నుంచి రాలిపడిన, సూర్యుడంత వయసున్న రాయి అది, తడి తగిలితే దానిలోని ఇనుము తుప్పు పట్టేస్తుంది. వెంట్రుక మందంలో సగానికి వచ్చేదాకా అరగదీయాలి. అప్పుడే వెలుగు దాని గుండా పోతుంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఇదే పని. రాళ్లతోపాటు వేళ్ల కొనల మీది గీతలూ అరిగిపోయాయి. వేలిముద్రతో తెరుచుకునే ఆఫీసు తలుపు అతనికి తెరుచుకోదు. గంట కొట్టి, ఎవరో ఒకరు వచ్చేదాకా బయట నిలబడాలి.

అరవై ఐదు నిండాయి. ఉద్యోగంలో ఇవాళే ఆఖరు రోజు.

ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. మళ్లీ చూశాడు. అంటార్కిటికా మంచులో ఒకేచోట దొరికిన పన్నెండు రాళ్లలో ఇది చివరిది. ఒకేచోట దొరికాయి కాబట్టి పన్నెండూ ఒకే గ్రహశకలం నుంచి విరిగిన తోబుట్టువులేనని ఇక్కడి పరిశోధకుడు డాక్టర్ మిజుతా జాబితాలో రాసేశాడు. మిగతా పదకొండింటిలో గుండ్రటి గింజల అంచులు వేడికి చెదిరి రాతిలో కలిసిపోయాయి. దీనిలో ప్రతి గింజా సూదిమొనతో గీసినట్టుంది. పుట్టాక ఎన్నడూ కాగని రాయి. వేరే తల్లి బిడ్డ.

మిజుతా రాగానే ఉగాకి చెప్పాడు.

"ఇది వాటిది కాదండీ. జాబితాలో అభిప్రాయం గడి ఉంది కదా, అందులో నా పేరుతో ఒక్క మాట రాయండి. ఇన్నేళ్లలో ఏదీ అడగలేదు."

మిజుతా నవ్వాడు. "కళ్లజోళ్లు చేసేవాళ్లంతా కళ్ల డాక్టర్లైపోతే ఎలాగండీ? ఆ గడి పరిశోధకులది. మీరేమో హైస్కూలు కూడా..."

"మధ్యలో మానేశాను," అని ఉగాకే పూర్తిచేశాడు.

మధ్యాహ్నం సింకు పక్కన నిలబడి, ఉప్పులో ఊరిన ఉమె పండు పెట్టిన అన్నంముద్ద తిన్నాడు.

మూడింటికి ప్రొఫెసర్ కజివార వచ్చి సూక్ష్మదర్శిని మీదికి వంగాడు. చాలాసేపు తలెత్తలేదు.

"మిజుతా, చూశావా? ఇది వాటి తోబుట్టువు కాదయ్యా!"

"నాకు పొద్దుటే అనుమానం వచ్చిందండీ," అన్నాడు మిజుతా. ఉగాకి వైపు మాత్రం చూడలేదు. పెన్ను తీసి ఆ గడిలో రాసి, కింద తన పేరు పెట్టుకున్నాడు.

ఉగాకి నోరు తెరిచాడు. ప్రొఫెసర్ అప్పటికే ఎవరికో ఫోన్ చేస్తున్నాడు. "ముక్క భలే పలచగా వచ్చింది, ఉగాకి గారూ," అన్నాడు ఫోన్ చెవికి ఆనించుకునే.

అంతే దక్కింది.

ఐదింటికి ఉగాకి చేతులు కడుక్కున్నాడు. పక్కగదిలో అందరూ ఒక్కసారే మాట్లాడుతున్నారు. గుమ్మంలో నడుం వంచి, "వెళ్తున్నానండీ," అన్నాడు. ఎవరూ ఇటు తిరగలేదు.

పావుగంటకు గుమాస్తా నొగామి కేకు పట్టుకొచ్చింది. "ఉగాకి గారేరీ?"

"ఇక్కడే ఎక్కడో ఉంటారు. కొయ్యండమ్మా, ఇవాళ మనకు కొత్త రాయి దొరికింది!" అన్నాడు మిజుతా.

కోశారు, తిన్నారు. పళ్లెం అంచుకు ఎవరో నెట్టేసిన చాక్లెట్ పలక ఒక్కటే మిగిలింది. దాని మీద తెల్లటి క్రీముతో ఉగాకి పేరు.