మెయిన్ స్విచ్‌కు వేసిన తాళం

వరద తీసేసరికి చెత్త షెడ్డులోని పెద్ద ప్రెస్ బురదలో కూరుకుపోయి ఉంది. అట్టపెట్టెల్ని నొక్కి మోపులు కట్టే యంత్రం అది. దాన్ని బాగుచెయ్యాల్సిన మెకానిక్ వదిన. షెడ్డు సూపర్‌వైజరు ఆమె మరిది. తన స్నేహితుడికి రావలసిన ఉద్యోగం వదిన తన్నుకుపోయిందని అతనికి కడుపుమంట. ఒకే ఇంట్లో ఉంటున్నా ఏడాదిగా ఇద్దరికీ పడదు.

"ఎప్పటికవుతుంది?" అన్నాడు ముక్కు మూసుకుని. తడిసిన అట్టలు గుట్టలుగా కుళ్లుతున్నాయి.

"మూడు రోజులు."

"అంతా ఆరిపోయిందిగా. ఇంకా ఏం నాన్చుతావు?"

"పైన ఆరింది. మోటారు చుట్టల్లో ఇంకా తడే. కరెంటిస్తే కాలుతుంది, లేదంటే ముట్టుకున్నవాణ్ణి కొడుతుంది. నూనె చూడు, నీళ్లు కలిసి పాలల్లే ఉంది."

"అన్నీ నీకే తెలుసు."

ఆమె వెళ్లి మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసింది. 'లోపల మనిషి ఉంది, ముట్టుకోవద్దు' అని రాసిన అట్టముక్క దానికి వేలాడదీసింది. బురదలో గాజుపెంకులుంటాయని మందపాటి గ్లవ్స్ తొడుక్కుని ప్రెస్ లోపలికి పాకింది.

మధ్యాహ్నం మరిది వచ్చేసరికి షెడ్డులో ఎవరూ కనిపించలేదు. వదిన భోజనానికి వెళ్లిందనుకున్నాడు. పెద్ద కట్టరుతో తాళం తెంపి, స్విచ్ వేసి, పచ్చ బటన్ నొక్కాడు.

లోపల ఆమెకు ఆ చప్పుడు వినిపించింది. నెత్తికి జానెడు ఎత్తులో ఇనుప పలక. అది కదలదని తెలిసినా తల వంచుకుని వెనక్కి జరిగింది.

యంత్రం ఉలకలేదు. అతను మళ్లీ నొక్కాడు. అప్పుడు బురద చేతులతో వదిన బయటికి పాకుతూ కనిపించింది. అతను చప్పున బటన్ మీంచి చెయ్యి తీశాడు.

"తినడానికి వెళ్లావనుకున్నా..."

"అట్టముక్క చదవలేదా?"

"చదివా. నన్ను బెదిరించడానికి పెట్టావనుకున్నా."

ఆమె జేబులోంచి మూడు ఫ్యూజులు తీసి చూపించింది. "పరాయివాడైతే తాళంతో సరిపెట్టేదాన్ని. నువ్వు కాబట్టి ఇవి కూడా పీకాను."

"ఇంట్లో చెప్పకు వదినా."

"ఇంట్లో చెప్పను. ఆఫీసులో చెప్తా."

చెప్పింది. సాయంత్రానికల్లా అతన్ని షెడ్డులోంచి తీసి గేటు దగ్గర కాపలాకు వేశారు. ఆమె మోటారు విప్పి వేడిగదిలో ఆరబెట్టింది, మీటరు పెట్టి పరీక్షించింది, నూనె పారబోసి ట్యాంకు కడిగింది, తలుపు తీస్తే యంత్రం ఆగుతోందో లేదో పదిసార్లు చూసింది. నాలుగో రోజు తొలి మోపు బయటికి వచ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మరిది అన్నతో అన్నాడు, "నా పొట్ట కొట్టింది మీ ఆవిడ."

"ఏం జరిగింది?" భర్త ఆమె వైపు తిరిగాడు.

ఆమె మరిదినే చూసింది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

అతను సగం తిన్న పళ్లెం వదిలేసి లేచాడు. నెల తిరక్కుండా వేరే ఇల్లు చూసుకున్నాడు. సామాను బండికెక్కిస్తుంటే భర్త ఆపమన్నట్టు ఆమె వైపు చూశాడు. ఆమె గుమ్మంలోంచి పక్కకు జరిగి, మంచం వెళ్లడానికి దారి ఇచ్చింది.