పందొమ్మిదో వార్డు పట్టిక

ఆసుపత్రి గణాంకాల గదిలో పెద్దాయన్ని వెనకాల అందరూ ఘనాపాఠి అనేవారు. ఆపరేషన్ గాయాలు వందకు ఎన్ని చీము పట్టాయో వార్డువారీగా లెక్కగట్టే ఆయన ప్రోగ్రాము ఆరువందల ఇరవై లైన్లు. అందులో నిజంగా రాసినవి ఇరవై. ఆ ఇరవైనే ముప్పై ఒక్క వార్డులకూ ముప్పై ఒక్కసార్లు అతికించి, వార్డు నంబరు మార్చుకుంటూ పోయాడు. దాన్నే అనుభవం అనుకునేవాడు.

కొత్తగా చేరిన గణాంకాల ఉద్యోగిని ఆ ఫైలు చూసి నోరు నొక్కుకుంది.

"ఈ ఇరవై లైన్లనూ ఒక ఫంక్షన్‌గా, ఎన్నిసార్లయినా వాడుకునే ఒకే ముక్కగా, రాసేస్తే సరిపోతుంది కదండీ. వార్డుల పట్టికలన్నీ ఒక జాబితాలో పెడితే, ఒక్క లైనుతో అన్నిటి మీదా అదే నడుస్తుంది."

"ఒక్క లైనుతో అయిపోయే పనికి ఇక్కడ నలుగురం ఎందుకమ్మా?" అన్నాడాయన, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "పుస్తకాల్లో చదివింది అక్కడే వదిలెయ్."

ఆమె వదిలేసేదే. కానీ ఆ ఆదివారం వదిన ఇంటికొచ్చింది. వదిన పందొమ్మిదో వార్డులో నర్సు.

"ఆపరేషన్ గాయాలు మా దగ్గర వరసపెట్టి చీము పడుతున్నాయి. చెప్తే మీ కాగితం చూపిస్తారు, అంతా బాగానే ఉందట. అసలు మీరు లెక్కపెట్టేది ఏ ఆసుపత్రిని?"

సోమవారం ఆమె ఫంక్షన్ రాసి జాబితా అంతటి మీదా నడిపింది. ముప్పై వార్డుల ఫలితాలు ఆయనవాటితో దశాంశంతో సహా కలిశాయి. పందొమ్మిదోది కలవలేదు. ఆయన కాగితం మీద వందకు రెండు, ఆమెకు వచ్చింది పదకొండు. వెతికితే దొరికింది: పందొమ్మిదో ముక్కలో ఒకచోట 18 మార్చకుండా వదిలేశాడు. మూడేళ్లుగా పక్క వార్డు అంకెలే ఆ వార్డు పేరుతో చెలామణి అవుతున్నాయి.

"టైపింగు పొరపాటు," అన్నాడాయన. "అన్ని లైన్లు కూర్చుని ఎవరు చదువుతారు?"

ఆ మాట తన నోటివెంటే వచ్చిందని ఆయనకు తట్టినట్టు లేదు. ఆమెకు కోపం కూడా రాలేదు. కోప్పడాలంటే ఎదుటిమనిషికి అంతో ఇంతో స్థాయి ఉండాలి.

సూపరింటెండెంటు ముందు ఆయన గొంతు సవరించుకుని, "మా పరిశీలనలో బయటపడింది," అన్నాడు. పక్కనున్న ఆమె దిద్దలేదు. ఇలాంటివాడితో పేరు కోసం పేచీ పెట్టుకోవడమే నామోషీ అనిపించింది. ఆ వారంలోనే, ఆ వార్డు డ్రెస్సింగు సామాన్లను క్రిములు చచ్చేలా ఆవిరిలో ఉడికించే యంత్రానికి మూత సరిగ్గా పడటం లేదని తేలింది.

కబురు చెబుదామని సంబరంగా వెళితే వదిన యూనిఫారం ఇస్త్రీ చేస్తోంది. తలెత్తలేదు.

"మూడేళ్లు మేం నోటితో చెప్పాం, వినలేదు. కంప్యూటర్ చెప్తే విన్నారు."

"తప్పు ఆయనది వదినా. నేను పట్టుకున్నాను."

"ఆయన ముప్పై ఒక్కసార్లు అతికించాడు, నువ్వు ఒక్కసారి రాశావు. మీ గదికీ మా వార్డుకీ మధ్య ఎన్ని అంతస్తులు?"

"ఒకటే."

"మీలో ఒక్కరైనా మెట్లెక్కి వచ్చారా?"

ఆమె లేచి చెప్పులేసుకుంది. అప్పటిదాకా ఘనాపాఠి మీద ఒలకబోసిన చులకనలో తన వాటా ఎంతో ఇంటికి నడుస్తూ లెక్కేసుకుంది.

మర్నాడు పొద్దున్నే పైకెళ్లింది. తొడకు కట్టుతో పడుకున్న ఒక ముసలాయన, "డాక్టరమ్మవా?" అన్నాడు.

"కాదండీ," అని కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. "ఎప్పటినుంచి మానట్లేదు?"