యూ టర్న్ దాకా

వీరేశం కూడలి మధ్య నిలబడి ఈల ఊది, ఎడమచెయ్యి అడ్డంగా చాచి, కోకాపేట వైపు నుంచి వచ్చే కార్లను కుడిచేత్తో రమ్మన్నాడు. మాస్కు కింద మీసం చెమటకు తడిసి దురదపెడుతోంది. మోకాళ్ల నొప్పికి బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ ఉంటాడు. దూరం నుంచి చూసేవాళ్లకు మెల్లగా ఊగుతున్నట్టు కనబడతాడు. ఇక్కడ రాళ్లగుట్టలు తప్ప ఇంకేం లేని కాలంలో హోంగార్డుగా వచ్చాడు. గుట్టలు పోయి అద్దాల మేడలు లేచాయి. అతను కానిస్టేబులయ్యాడు, అక్కడితో ఆగాడు.

ఆగడానికి కారణం ఉందని తోటివాళ్లంటారు. వీరేశం ముందు మొహం చూస్తాడు, తర్వాతే బండి నంబరు. భార్యను దవాఖానకు తీసుకుపోయేవాణ్ణి, కూలికి ఆలస్యమైనవాణ్ణి తిట్టి వదిలేస్తాడు. ఫోను చెవికి ఆనించుకుని కారు నడిపేవాణ్ణి చలానా కోసం ఫొటో తీస్తాడు. న్యాయమంటే అదేనని అతని నమ్మకం. పైవాళ్లకు మాత్రం అతని ఫొటోలు ఎప్పుడూ తక్కువే.

పుల్లయ్యనూ అట్లాగే వదిలేసేవాడు. అనంతపురం నుంచి వచ్చిన మనిషి, మెడలో ఎప్పుడూ ఎర్రగళ్ల తువ్వాలు. పాత మోపెడ్‌కు ఇడ్లీ పిండి క్యాన్లు కట్టుకుని టిఫిన్ సెంటర్లకు వేస్తాడు. అతను సందులోంచి రోడ్డెక్కితే, వెళ్లాల్సిన హోటలు అదే వరసలో నాలుగు దుకాణాలు వెనక్కి ఉంటుంది. సరిగ్గా పోవాలంటే ముందుకు, యూ టర్న్ దాకా పోయి, అవతలి రోడ్డున వెనక్కి వచ్చి, మళ్లీ తిరగాలి. పుల్లయ్య రోడ్డు అంచునే ఎదురుదారిన మెల్లగా పోయేవాడు. వీరేశం ముఖం తిప్పుకునేవాడు.

ఆ పొద్దున కూడా తిప్పుకున్నాడు. పుల్లయ్య వెనకే అదే దారిన ఒక స్కూటీ వచ్చింది. దాన్ని ఆపాడు. హెల్మెట్ తీసిన అమ్మాయి మెడలోని ఆఫీసు కార్డు మీద తేజస్విని అని ఉంది.

"తప్పేనండి, చలానా వేయండి. కానీ ఇప్పుడే నా ముందు ఆయన్ని పంపించారు కదండీ. ఆయనకో రూలూ నాకో రూలూనా?"

"ఆయన గరీబోడు, అమ్మా."

"ఆలస్యమైతే నన్నూ ఉద్యోగంలోంచి తీసేస్తారండి. అది నా మొహం మీద రాసి ఉండదు కదా."

కోపంగా అనలేదు. అందుకే ఆ మాట లోపలికి దిగింది. అయినా బండి నంబరు ఫొటో తీశాడు.

పొద్దెక్కాక పుల్లయ్య రెండో విడత పిండితో వచ్చాడు. వీరేశం ఎదురెళ్లి నిలబడ్డాడు.

"ఇగ ఇటు వద్దు పుల్లయ్యా. తిరిగి రా."

పుల్లయ్య నవ్వబోయి ఆగాడు. "ఏమాయె సార్? ఎప్పుడూ ఇట్లే కదా పోయేది."

"అందరికీ ఒకటే రూలు. ఫొటో తియ్యనులే. జర యూ టర్న్ దాకా పోయి రా."

"ఆడ లారీలు ఎక్కువ సార్. బండి చూస్తే బరువుగా ఉండాది."

ఆ అమ్మాయి ఎప్పుడో వెళ్లిపోయింది. అయినా ఎక్కడి నుంచో చూస్తున్నట్టే ఉంది వీరేశానికి. "మెల్లగ పో," అన్నాడు.

"మీరు చెప్పినాక పోకుండా ఎట్లా సార్," అంటూ పుల్లయ్య బండి తిప్పాడు.

వైర్‌లెస్ సెట్టులో "యూ టర్న్ దగ్గర లారీ, మోపెడ్" అని వినబడగానే వీరేశం కూడలిని అట్లాగే వదిలి పరుగెత్తాడు. అతను చేరేసరికి అంబులెన్సు తలుపులు మూసేశారు. ప్రాణం అక్కడికక్కడే పోయిందన్నారు. రోడ్డంతా పిండి తెల్లగా పరుచుకుంది. హోంగార్డు దాని మీద ఇసుక చల్లుతున్నాడు.

"నేనే పంపిన సార్ ఇటు," అన్నాడు వీరేశం, ఎస్సై గిరీష్‌తో.

గిరీష్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "సరైన దారినే పంపినవ్ గదా. ఫికర్ చేయకు. నీ మీదికి ఏం రాదు."

ఎవరైనా తిడితే బాగుండనిపించింది వీరేశానికి.

పుల్లయ్య భార్య నాగమణి ఆటో దిగి వచ్చింది. ఏడుపు ఇంకా మొదలుకాలేదు. "ఈ పక్కకు ఎందుకొచ్చినాడు సార్? ఎప్పుడూ ఇటు రాడే," అని కనబడ్డవాళ్లందరినీ అడుగుతోంది. వీరేశాన్నీ అడిగింది. అతను టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమె అతణ్ణి దాటి ఇంకొకరి దగ్గరికి పోయింది.

సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ మళ్లీ కూడలిలో నిలబడ్డాడు. పూలబుట్ట కట్టిన స్కూటరొకటి ఎదురుదారిన వచ్చింది. ఈల పెదాల మధ్యే ఉంది. ఊదలేకపోయాడు, ముఖం తిప్పుకోనూ లేకపోయాడు. స్కూటరు పక్కనుంచే వెళ్లిపోయింది.

డ్యూటీ దిగాక కాళ్లు యూ టర్న్ వైపే తీసుకుపోయాయి. ఇసుక అప్పటికే టైర్లకు అంటుకుని పోయింది. డివైడర్ కమ్మీకి ఎవరో పుల్లయ్య ఎర్రగళ్ల తువ్వాలు తగిలించి పోయారు. లారీ వెళ్లినప్పుడల్లా అది ఎగిరి, మళ్లీ కమ్మీకి అంటుకుని వేలాడుతోంది.