అక్క గీసిన అంచులు

అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి ఎంబ్రాయిడరీ కొట్టు పెట్టుకుని పందొమ్మిదేళ్ళు. అక్క కంప్యూటర్‌లో డిజైన్ గీస్తే చెల్లెలు మిషన్ మీద కుట్టేది. షుగరు జబ్బు అక్క చూపును కొంచెంకొంచెంగా తినేసి, కిందటేడు పూర్తిగా ఆర్పేసింది.

"కొత్తవి గీయలేను గానీ, ఉన్నవే మనిద్దరికీ చాలులేవే" అంది అక్క.

ఆరువందల పైచిలుకు అంచులు, పూలు, పిట్టలు. అన్నీ పాత కంప్యూటర్‌లోని ఒకే డిస్కులో ఉన్నాయి.

ఒక ఉదయం ఆ కంప్యూటర్ కాలిన వాసన కొట్టి ఆగిపోయింది. చెల్లెలు కొత్తది కొని, పాత డిస్కును ఊడదీయించి తెచ్చి, కొత్తదానికి తగిలించింది.

"ఏదో అడుగుతోందక్కా. డిస్కు వాడాలంటే ఫార్మాట్ చేయాలట."

"మన పాతది ఎప్పుడూ అలా అడగలేదే. ఎవరినైనా కనుక్కో."

చెల్లెలికి తొందర. పెళ్ళివాళ్ళ బట్టలు బల్ల మీద గుట్టగా ఉన్నాయి. సరే అని నొక్కింది. తెర మీద పచ్చగీత మూడు గంటలు నత్తలా పాకింది. ఫైళ్ళు తెరుచుకుంటున్నాయనుకుని, "సగమైందక్కా" అని సంబరంగా కేకేసింది కూడా.

చివరికి డిస్కు తెరిస్తే ఏమీ లేదు.

దాన్ని తువ్వాలులో చుట్టుకుని రిపేరు అతని దగ్గరికి పరుగెత్తింది. అతను చాలాసేపు చూశాడు.

"మీ పాత కంప్యూటర్ రాసే పద్ధతి కొత్తవాటికి తెలియదమ్మా. చదవడం రాక ఖాళీదనుకుని అడిగింది. మీరు వద్దని నొక్కి ఉంటే ఏదో దారి చూసేవాణ్ణి."

"కొన్నైనా రావా?"

"మొదటినుంచి చివరిదాకా తుడిచేసింది."

ఆమె తిరిగొచ్చేసరికి అక్క దారపు కండెలను తడుముతూ సర్దుతోంది.

"వచ్చాయా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. ఎన్నాళ్ళు దాస్తుంది?

"పోయాయక్కా. నా చేతులతో నేనే తుడిచేశాను."

తిడుతుందేమో, తిడితే బాగుండుననుకుంది. అక్క తిట్టలేదు. చేతిలోని కండెను అలాగే పట్టుకుని కూర్చుంది.

"జంట హంసల అంచు?"

"లేదక్కా."

"జాజితీగ?"

"లేదు."

"నేను మొట్టమొదట గీసిన పిచ్చుక?"

"అదీ లేదు."

అక్క హాజరు పిలిచినట్టు ఒక్కొక్కటే అడుగుతూ పోయింది. కొన్నిటిని చెల్లెలే మరిచిపోయింది. ఒకచోట తల అడ్డంగా ఊపింది. అక్క జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఆమెకు కనిపించదని అప్పుడు గుర్తొచ్చి, పైకి చెప్పింది.

"లేదు."

అక్క ఇంకొకటి అడిగింది.